తలుపు తీసే మోచేయి

జాతీయ శిక్షణ శిబిరం తైక్వాండో హాల్లో గీల్ సోడంను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. పొద్దుటి సాధనలో ఆమె ఫ్రాన్స్. మధ్యాహ్నం భోజనాలయ్యాక తుర్కీ. పెద్ద పోటీలు దగ్గరపడితే వారానికో దేశం. తాక్ కోచ్ తెల్లటి ప్లాస్టర్ పట్టీ మీద దేశం పేరు రాసి ఆమె వీపుకు అంటించేవాడు. "థాయ్‌లాండ్, ఇటు రా" అంటే సోడం పరిగెత్తుకుని వెళ్ళేది. చూసేవాళ్ళకు తమాషాగానే ఉంటుంది. ఆరేళ్ళపాటు రోజూ పరాయి పేరుకు పలికి చూస్తే ఆ తమాషా ఏపాటిదో తెలుస్తుంది.

ఆమె ఉద్యోగం పార్ట్‌నర్. అంటే యాభైఏడు కిలోల తరగతిలో మా దేశం తరఫున ఆడే యొమ్ హేరిన్‌కు ఎదురుగా నిలబడి తన్నులు తినడం. ఊరికే తింటే సరిపోదు. హేరిన్ వచ్చే నెల ఫ్రాన్స్ అమ్మాయితో తలపడాలంటే, ఈ నెలంతా సోడం ఆ ఫ్రాన్స్ అమ్మాయి అయిపోవాలి. ఆ అమ్మాయి ముందుకాలు ఎంత ఎత్తు లేపుతుంది, భయపడితే ఏ పక్కకు జరుగుతుంది, అలసిపోతే భుజాలు ఎలా వేలాడేస్తుంది, అన్నీ వీడియోల్లో చూసి ఒంటికి పట్టించుకోవాలి. సోడంకు ఆ విద్య ఇట్టే అబ్బింది. మూడు రోజులు చూసిందంటే నాలుగో రోజుకు అచ్చు గుద్దినట్టు దింపేసేది. చేతకాని పనికి ఎవరూ పిలవరు. చేతనైన పనే మెడకు చుట్టుకుంటుంది.

సోడం పుట్టింది గోచాంగ్ అనే చిన్న ఊళ్ళో. నూడుల్స్ కొట్టు పైన రెండో అంతస్తులో వాళ్ళ నాన్న తైక్వాండో బడి. కింద నుంచి ఉల్లికాడల వాసన, పైన పిల్లల చెమట వాసన. పాఠం చెప్పేదీ, పిల్లల్ని పసుపు వ్యానులో ఇళ్ళ దగ్గర దింపేదీ ఆ నాన్న, గీల్ మాస్టారే కాబట్టి ఊళ్ళో ఆయన ముఖం కన్నా వ్యాను హారనే ఎక్కువమందికి గుర్తు. నడక వచ్చిన నాటినుంచీ సోడం ఆ నీలం చాపల మీదే పెరిగింది. అమ్మ ఒక పాత మేజోడులో వరిపొట్టు కూరి దూలానికి కట్టింది. దాన్ని తన్నీ తన్నీ ఎనిమిదేళ్ళ పిల్ల తనంతట తానే ఒక తన్ను కనిపెట్టింది. ఎడమకాలు పొట్టకేసి వస్తున్నట్టే లేస్తుంది, సగం దారిలో మనసు మార్చుకుంటుంది, ఎదుటివాళ్ళ భుజం మీదుగా వంగి చెవి వెనక తగులుతుంది. గీల్ మాస్టారు ఆ తన్ను చూసి వ్యాను తాళాలు కింద పడేసుకున్నారు. దానికి కొడవలి అని పేరు పెట్టిందీ ఆయనే. ఏ పుస్తకంలోనూ లేని తన్ను అది. సోడంకు సొంతమని చెప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే.

ఆ కొడవలే ఆమెను క్రీడా పాఠశాల హాస్టల్లో చేర్చింది. అక్కడ హేరిన్ రెండేళ్ళు పెద్దది. అదే బరువు, దాదాపు అదే ఎత్తు. మా హాస్టళ్ళలో పెద్ద తరగతివాళ్ళ బట్టలు చిన్న తరగతివాళ్ళు ఉతకాలి. హేరిన్ మాత్రం తనవి తానే ఉతుక్కునేది. మొదటి వారం సోడం బకెట్టు పట్టుకుని వెళితే, "నా చెమట కంపు నాకే భరించరానిది, నీకెందుకే పిల్లా" అని తరిమేసింది. నోరు దురుసేగానీ మనసు శుభ్రమైన మనిషి. అదే పెద్ద చిక్కు. హేరిన్ చెడ్డదైతే సోడం బతుకు ఎంతో తేలికైపోయేది.

ఆ ఏడే ఇద్దరూ రాష్ట్ర పోటీల ఫైనల్‌కు వచ్చారు. ఒకే బడి పిల్లలిద్దరు ఫైనల్‌కు వస్తే ఆడరు. పెద్ద తరగతి పిల్లకు విశ్వవిద్యాలయంలో సీటు కోసం పతకం కావాలి కాబట్టి, చిన్నది చీలమండ బెణికిందని కాగితం మీద సంతకం చేసి తప్పుకుంటుంది. కోచ్‌లు దీన్ని వరుస అంటారు. తాక్ కోచ్ అప్పుడు ఆ బడిలోనే ఉండేవాడు. నీకింకా రెండేళ్ళుంది, నీ వరుస నీకొస్తుంది అన్నాడు. సోడం సంతకం పెట్టింది. బెణకని కాలితో కుంటుకుంటూ వేదిక ఎక్కి వెండి పతకం వేయించుకుంది. పక్కన నిలబడిన హేరిన్ తన బంగారాన్ని మెడలోంచి తీసి జేబులో కుక్కేసింది. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

అప్పుడు పుట్టింది సోడంకు ఆ కోరిక. గెలవాలని కూడా కాదు. హేరిన్‌తో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, తన పేరుతో, తన కొడవలితో, నిజంగా ఆడాలి.

చదువయ్యాక తాక్ కోచ్ ఒక నగరపాలక జట్టుకు మారి ఇద్దర్నీ అందులోకే తీసుకున్నాడు. హేరిన్ జాతీయ జట్టుకు ఎంపికైంది. పార్ట్‌నర్ కావాల్సి వచ్చి సోడంను శిబిరానికి పిలిచారు. ఆర్నెల్లే అన్నారు. ఆర్నెల్లు ఏడాదైంది, ఏడాది మూడేళ్ళైంది. ఎంపిక పోటీలు వచ్చిన ప్రతిసారీ తాక్ కోచ్ ముందురోజు పిలిచి, హేరిన్ ఈసారి గాయం నుంచి లేచింది అనో, ఈసారి ర్యాంకు ముఖ్యం అనో చెప్పేవాడు. సోడం చీలమండ ఆ కాగితాల మీద నాలుగుసార్లు బెణికింది.

పారిపోదామంటే దారేదీ? ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకున్న బరువు తరగతులే నాలుగు. కిందికి దిగాలంటే ఎనిమిది కిలోలు తగ్గాలి, ఉన్న ఎముకల్లో దేన్ని తీసి పారేయాలో తెలియదు. పైకెక్కితే అక్కడివాళ్ళ నడుము దగ్గరికి వస్తుంది ఈమె తల. ఒకసారి వేరే జట్టువాళ్ళు పిలిచారు. కానీ జట్టు మారాలంటే పాత కోచ్ ఒప్పుకోలు సంతకం పెట్టాలి. ఈ ఒలింపిక్స్ అయిపోనీ, పెడతాను అన్నాడు తాక్. ఆ ఒలింపిక్స్ అయిపోయాయి, తర్వాతివి వచ్చాయి. నాన్నకు ఫోన్ చేస్తే, తాకూ నేనూ సైన్యంలో ఒకే పళ్ళెంలో తిన్నవాళ్ళమన్నారు. "గురువు నీడ మీదైనా కాలు పెట్టకూడదమ్మా. ఆయన మీద పోట్లాటకు పోతావా" అన్నారు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో తెలుసుకోవాలంటే ఆ రోజుల్లో సోడంను చూడాలి. మెత్తని మనిషి, అందుకే బాగా తెగింది.

ఇక మోచేయి సంగతి.

పార్ట్‌నర్ పనిలో మొదటి ఏడే తాక్ కోచ్ ఆమెను, అందరూ దాహం తీర్చుకునే బార్లీ నీళ్ళ పీపా దగ్గరికి పిలిచాడు. హేరిన్ ఆ నెలలో వరసగా రెండు పోటీలు ఓడి, కాలు వేయడానికే జంకుతోంది. "శుక్రవారం చివరి రౌండులో దాని కుడికాలు లేవబోయే ముందు, నీ ఎడమ మోచేయి నాలుగు వేళ్ళ వెడల్పు పక్కకు జరుపు. తన్ను డొక్కలో తగలాలి. ఆ చప్పుడు చెవిలో పెట్టుకుని ఆదివారం దాకా ఉండాలి అది" అన్నాడు. కాస్త ఆగి, "దానికి తెలియకూడదు సుమా. తెలిస్తే మందు పనిచేయదు" అన్నాడు. ఆ పనికి ఆయనే పేరు కూడా పెట్టాడు, తలుపు తీయడమని.

చెప్పినంత తేలిక కాదు. తన్ను వచ్చాక తెరిస్తే దొరికిపోతుంది. రాకముందే తెరవాలి. అంటే హేరిన్ తన్నబోతోందని హేరిన్ కాలికన్నా ముందే సోడంకు తెలియాలి. నెల రోజులు కాచుకుని కనిపెట్టింది. కుడికాలు లేపే ముందు హేరిన్ ముక్కుతో చిన్నగా గాలి పీలుస్తుంది, వేడి చారు వాసన చూసినట్టు. ఆ చప్పుడు వినగానే సోడం మోచేయి నాలుగు వేళ్ళు జరిగేది. డొక్కలో దబ్బుమని తగిలేది. బోర్డు మీద రెండు అంకె పడేది. హేరిన్ ముఖం విచ్చుకునేది. విదేశీ పోటీల ముందు వారమైతే రోజూ తలుపు తీయడమే. నిజానికి ఆ గుట్టు తెలిసిన మనిషి ఆ తన్నును రోజుకు పదిసార్లు ఆపగలదు. ఆపడం తెలుసుకున్నది ఆపకుండా ఉండటానికి.

హేరిన్ పతకాలు తెచ్చింది. విమానాశ్రయంలో పూలగుత్తులు, కెమెరాలు. సోడం వెనకాల సంచులు మోస్తూ నిలబడేది. ఒకసారి ఒక విలేఖరి ఆమెను కాస్త జరగమన్నాడు, ఫోటోకు అడ్డొస్తోందని. జరిగింది. జరగడం ఆమెకు అలవాటే.

ఇరవైతొమ్మిదో ఏట మళ్ళీ ఒలింపిక్స్ ఎంపిక పోటీలు వచ్చాయి. ఇవే తనకు చివరివని సోడంకు తెలుసు. ఎడమ తుంటి పొద్దున్నే లేవగానే కిర్రుమంటోంది. ఆ వారమే ఆమె పుట్టినరోజు కూడా. పుట్టినరోజున సముద్రపు నాచు చారు తాగకపోతే మా అమ్మలకు మనసొప్పదు. కానీ జారుడు పదార్థమాయె, పరీక్షకో పోటీకో ముందు తాగితే జారిపోతారని భయం. గోచాంగ్ నుంచి అమ్మ ఫోన్ చేసి, చారు తర్వాత తాగుదువుగానీ అని, పళ్ళకు అతుక్కునే జిగురు మిఠాయి పొట్లం పంపింది. విజయం అలా అతుక్కోవాలని.

ముందురోజు తాక్ కోచ్ పిలుస్తాడని సోడం గదిలో కూర్చుని ఎదురుచూసింది. ఈసారి పిలిస్తే కాదనాలని మూడు రోజులుగా మాటలు పేర్చుకుంటోంది. ఆయన పిలవలేదు. పొద్దున భోజనశాలలో ఎదురుపడి, పళ్ళెంలోకి చూస్తూ, "ఈసారి నేనేమీ చెప్పను. ఆడుకోండి" అన్నాడు. పదమూడేళ్ళుగా సోడం కోరుకుంటున్నదాన్ని చారు గిన్నె పక్కన పెట్టినట్టు పెట్టేసి వెళ్ళిపోయాడు.

ఆ రోజు ఆమె వీపున పట్టీ లేదు. వచ్చినవాళ్ళను వచ్చినట్టు ఓడించింది. ఒకదాన్ని ఫ్రాన్స్‌లా, ఒకదాన్ని థాయ్‌లాండ్‌లా. ఎన్ని రకాలుగా ఆడుతోందో అని చూసేవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు. ఫైనల్లో ఎదురుగా హేరిన్ నిలబడింది. ఇద్దరూ ఒకే జట్టు కాబట్టి ఏ మూలా కోచ్ కూర్చోలేదు. కుర్చీలు రెండూ ఖాళీ. తాక్ పైన జనంలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

అరువు తెచ్చుకున్న ఆటలన్నీ హేరిన్‌కు కంఠతా వచ్చు. కానీ కొడవలిని ఆమె ఏనాడూ ఎదుర్కోలేదు. ఫ్రాన్స్‌కూ తుర్కీకీ కొడవలి ఉండదు మరి. మొదటి రౌండులో సోడం ఎడమకాలు పొట్టకేసి లేచి, సగం దారిలో మనసు మార్చుకుని, హేరిన్ చెవి వెనక ఠపీమని తగిలింది. హెల్మెట్ పక్కకు తిరిగిపోయింది. హేరిన్ దాన్ని సరిచేసుకుంటూ సోడంను కొత్తమనిషిని చూసినట్టు చూసింది. మొదటి రౌండు సోడందే. రెండోది హేరిన్ లాక్కుంది. మూడో రౌండులో ఇద్దరూ ఆరు ఆరు. ఇంకా తొమ్మిది సెకన్లు. సోడం అంత సంతోషంగా ఎప్పుడూ లేదు. ఊపిరి మంటెత్తుతోంది, తుంటి విరిగిపోయేలా ఉంది, అయినా ఒంట్లోని ప్రతి ఎముకా తనదే అనిపించింది. కొడవలికి ఎడమ పాదం నేల మీంచి లేపింది.

అప్పుడు వినపడింది, ముక్కుతో చిన్నగా గాలి పీల్చిన చప్పుడు.

సోడం ఏమీ అనుకోలేదు. అనుకునేంత వ్యవధి లేదు. ఎడమ మోచేయి నాలుగు వేళ్ళ వెడల్పు పక్కకు జరిగింది. దబ్బుమంది డొక్క. బోర్డు మీద ఆరు కాస్తా ఎనిమిదైంది. తేరుకునేలోపే గంట మోగింది.

జనం చప్పట్లు కొట్టారు, కాస్త నవ్వుతూ కొట్టారు. అందరికీ అర్థమైపోయింది మరి. చివరిదాకా బాగా నడిపి, పెద్దదానికి ఇచ్చేసింది పిల్ల, వరుస తెలిసిన పిల్ల అని. దిగి వస్తుంటే ఎవరో ముసలాయన భుజం తట్టాడు కూడా. ఫోన్ ఎత్తితే నాన్న. "మంచిపని చేశావమ్మా. తాక్ ముందు నా తల నిలబెట్టావు" అన్నారు. వెనక నుంచి అమ్మ, చారు కాస్తున్నాను, ఇంక తాగొచ్చులే అని అరిచింది. సోడం ఊఁ అంది. ఇవ్వలేదు నాన్నా, ఓడిపోయాను అని చెప్పడానికి నోరు రాలేదు. ఓడిపోయాను అనడానికి సిగ్గు లేదు, ఎలా ఓడిందో చెప్పడానికే సిగ్గు.

సామాన్ల గదిలో బల్ల మీద కూర్చుని కాళ్ళ పట్టీలు విప్పుకుంటుంటే హేరిన్ వచ్చింది. చేతిలో హెల్మెట్, ముఖంలో నెత్తురు చుక్క లేదు. తలుపు మూసి దానికి ఆనుకుని నిలబడింది.

"ఇచ్చేశావా?"

సోడం విప్పిన పట్టీని ఉండ చుట్టింది.

"నోటితో చెప్పవే. వీడియో నాలుగుసార్లు చూసొచ్చాను. నా కాలు లేవకముందే నీ మోచేయి తెరుచుకుంది. ఇచ్చేశావా?"

కక్కలేని మింగలేని మాట అంటే అదే. ఇచ్చాను అంటే హేరిన్ ఈ ఒక్క గెలుపునే ఉమ్మేస్తుంది, మిగతా ఆరేళ్ళూ భద్రంగా ఉంటాయి. కానీ సోడం జీవితంలో నిజంగా ఆడిన ఒకే ఒక్క ఆట అబద్ధమైపోతుంది. ఇవ్వలేదు అంటే ఆ ఆట తనకు దక్కుతుంది, హేరిన్ ఆరేళ్ళు కూలిపోతాయి. ఇంకో రెండు నెలల్లో ఆ మనిషి ఒలింపిక్స్‌కు విమానం ఎక్కాలి. ఒకరికోసం జరగడం ఆమెకు అలవాటే. ఆ అలవాటు మీదే మొట్టమొదటిసారి ఒళ్ళు మండింది.

"ఇవ్వలేదక్కా" అంది. "దానంతటదే తెరుచుకుంది."

"దానంతటదే ఏమిటి? అదేమన్నా కిటికీనా?"

సోడం చెప్పేసింది. బార్లీ నీళ్ళ పీపా, నాలుగు వేళ్ళు, శుక్రవారాలు, ముక్కుతో పీల్చే గాలి, ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ హేరిన్ తలుపుకు ఆనుకునే ఉంది. తర్వాత మెల్లగా జారి నేల మీద కూర్చుంది. మరి నేను గెలిచినవన్నీ ఏమిటి అని అడిగింది. గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది.

"వాటిని ఫ్రాన్స్‌తోనూ థాయ్‌లాండ్‌తోనూ గెలిచావక్కా. వాళ్ళ మోచేతులకు కోచ్ గారు చెప్పలేదు కదా" అంది సోడం.

హేరిన్ నవ్వబోయి మానేసింది. లేచి, హెల్మెట్ బల్ల మీద పడేసి వెళ్ళిపోయింది. సోడం కొంతసేపు ఏడ్చింది. దాచుకోవాల్సినంత ఏడుపు కాదు, ఆపుకోగలిగినంతా కాదు.

సోమవారం శిబిరంలో అంతా మామూలే. నీలం చాపలు, బార్లీ నీళ్ళ పీపా, ఈల. సోడంకు వేరే ఎక్కడికి వెళ్ళాలో తెలియక వచ్చింది. తాక్ కోచ్ ఆమె కళ్ళలోకి చూడకుండా, కొత్త ప్లాస్టర్ పట్టీ మీద సెర్బియా అని రాసి వీపుకు అంటించాడు. మొదటి పోటీ ఆ దేశంతోనేనట.

హేరిన్ చాప మీదికి వచ్చింది. కోచ్ వంక చూడలేదు. సోడం వీపు వైపు వచ్చి ఆ పట్టీని చర్రున పీకింది. దాన్ని ఉండచుట్టి పారేస్తుందనుకున్నారు అందరూ. అలా చేయలేదు. సోడం ఎడమ మోచేతిని డొక్కకు అదిమిపెట్టి, ఆ పట్టీతోనే చుట్టింది. అది చాలకపోతే బల్ల మీది చుట్ట తెచ్చి, చేయి వీసమెత్తు కదలకుండా మూడు చుట్లు బిగించి కట్టేసింది. ఏం చేస్తున్నావని తాక్ అడిగాడు. తలుపుకు గడియ పెడుతున్నాను కోచ్ గారూ అంది హేరిన్. ఆయన ముఖం మాడిపోయింది. ఈల నోట్లోంచి తీశాడు, మళ్ళీ పెట్టుకోలేదు.

ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. ఒంటిచేత్తో సోడంకు నిలకడ లేదు. ముక్కుతో గాలి పీల్చిన చప్పుడు వినపడింది. కట్టిన మోచేయి లోపల గింజుకుంది, తెరుచుకుందామని పాత అలవాటు కొద్దీ పెనుగులాడింది. కట్టు ఒప్పుకోలేదు. హేరిన్ తన్ను మోచేతి ఎముక మీద తగిలి జారిపోయింది. ఆ వెనకే సోడం ఎడమకాలు పొట్టకేసి లేచి, సగం దారిలో మనసు మార్చుకుంది.

హేరిన్ వెల్లకిలా పడింది. హాలంతా చూస్తూ ఉంది. ఆమె లేచి కూర్చుని, చెవి రుద్దుకుంటూ పెద్దగా అంది:

"సోడం, మళ్ళీ."